మూడు చుక్కలు – ఒక సంజాయిషీ

విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు మా ఇంటికి వచ్చినప్పుడు, "ఏ విషయం మీద నాయనా?" అని అడిగాను. "మీ ఇష్టం సార్. ఇంగ్లీషు చెప్పినోళ్ళు గదా మీరు, పిల్లోళ్ళకి ఏదన్నా పనికొచ్చేది..." అని ఒకబ్బాయి అక్కడికే ఆగిపోయాడు. ఆ ఆగిపోయిన చోటే నాకు విషయం దొరికింది. వాక్యం చివర అతడు నోటితో పెట్టిన మూడు చుక్కల గురించే రాద్దామనుకున్నాను.

నవ్వకండి. దేశంలో ఇన్ని సమస్యలు ఉండగా ఈయనకు చుక్కలు తప్ప మరేమీ కనబడలేదా అని మీరు అనుకోవచ్చు. ముప్ఫయ్యేళ్ళకు పైగా ఇంగ్లీషు జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి. నా అనుభవంలో తేలింది ఒకటే. కామా తప్పితే అర్థం తడబడుతుంది. ఫుల్‌స్టాప్ తప్పితే చదివేవాడికి ఆయాసం వస్తుంది. ఈ మూడు చుక్కలు తప్పితే మాత్రం రాసినవాడి నిజాయితీ మీదికే వస్తుంది. ఇంత పెద్ద మాట ఎందుకంటున్నానో నా సొంత కథతో సహా చెబుతాను. ముందు కాస్త పాఠం వినక తప్పదు.

మన విద్యార్థుల ఇంగ్లీషులో చుక్కలు రకరకాలుగా కనిపిస్తాయి. జవాబు తెలియనప్పుడు పెట్టేవి మొదటి రకం. నాలుగు కారణాలు రాయమంటే రెండు రాసి, మిగిలిన రెండూ మాస్టారికి తెలియకపోతాయా అన్నట్టు వరసగా ఆరేడు చుక్కలు పెడతారు. ఇంగ్లీషు మాట చేతికి అందనప్పుడు పెట్టేవి రెండో రకం. మదనపల్లె, పీలేరు, కుప్పం వైపు పల్లెల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల పేపర్లలో ఇవి ఎక్కువ. భావం గుండెల్లో ఉంటుంది, మాట మాత్రం నోటికి రాదు. అక్కడ చుక్కలు కనిపిస్తే నాకు కోపం రాదు, జాలి వేస్తుంది. ఆ పిల్లవాడు అక్కడ నీళ్ళు నములుతున్నాడని తెలుస్తుంది. మూడోది ఆవేశం రకం. సంఘం ఎన్నికల కరపత్రం ఏది తీసినా "విద్యార్థులారా కదలండి" అన్న తర్వాత కనీసం పది చుక్కలుంటాయి. ఎటు కదలాలో ఆ చుక్కల్లోనే వెతుక్కోవాలి కాబోలు! నాలుగోది కవిత్వం రకం. చలం వాక్యాలు చూసి మనవాళ్ళలో చాలామంది చుక్కలు పెట్టడం నేర్చుకున్నారు. ఆ చుక్కల వెనక చలానికి ఉన్న బాధ మాత్రం నేర్చుకోలేదు.

ఈ అలవాటు మనకు ఇంత తేలిగ్గా ఎందుకు పట్టుకుంది? నా అనుమానం ఒకటుంది. తెలుగు సహజంగానే మాటల్ని మింగే భాష. "యాడికి?" అంటే "కొండకి" అంటాం. కర్త లేదు, క్రియ లేదు, అయినా ఎవరికీ సందేహం రాదు. "వాడు మంచోడు" అన్న వాక్యంలో క్రియే లేదు. ఇంగ్లీషులో అక్కడ ‘ఈజ్’ లేకపోతే వాక్యమే నిలబడదు. మన వ్యాకరణంలో లోపం, అధ్యాహారం అని దీనికి పేర్లు కూడా ఉన్నాయి. కనబడకుండా పోయింది లోపం, వినేవాడు తనంతట తాను తెచ్చి కలుపుకునేది అధ్యాహారం. పాణిని నాటికే వ్యాకరణంలో లోపం ఒక సంజ్ఞ. అయితే ఇంత లెక్క ఉన్నా మనవాళ్ళు దానికి గుర్తు పెట్టలేదు. తాటాకు మీద గంటంతో రాసేవాడికి దండం తప్ప పెద్దగా విరామచిహ్నాలు లేవు. కామా, ఫుల్‌స్టాప్‌లతో పాటు ఈ చుక్కల వరస కూడా ఇంగ్లీషు చదువుతో, అచ్చు పుస్తకంతో మన ఇంట్లోకి వచ్చిన చుట్టమే. ఆ చుట్టం మర్యాదలు తెలుసుకోకుండా మనం దానికి పీట వేశాం.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఎలిప్సిస్ అంటారు. గ్రీకు మాట. కొరత పడడం, తక్కువ కావడం అని అర్థం. 1588లో మారిస్ కిఫిన్ అనే ఆయన రోమన్ నాటకకర్త టెరెన్స్ రాసిన ‘ఆండ్రియా’ను ఇంగ్లీషు చేశాడు. అందులో పాత్రల మాట మధ్యలో తెగినచోట వరసగా చిన్న చిన్న అడ్డగీతలు వేశారు. ఇంగ్లీషు అచ్చు నాటకాల్లో ఇలాంటి గుర్తుకు అదే తొలి ఉదాహరణ అని పరిశోధకులు చూపిస్తారు. అంటే ఈ గుర్తు మొదట నాటకంలో నోటిమాట తెగిపోవడానికి వచ్చింది. తర్వాత పండితుల చేతిలో పడి, ఉదాహరణలో మాటలు వదిలిన సంగతి చెప్పడానికి కూడా స్థిరపడింది. ఈ రెండు పనులూ వేరు. వీటిని కలగాపులగం చేయడంతోనే చిక్కులు మొదలవుతాయి.

పరీక్షలకు, పరిశోధన వ్యాసాలకు పనికివచ్చే మాట నాలుగు ముక్కల్లో చెబుతాను.

ఇతరుల వాక్యాన్ని ఉదహరిస్తూ మధ్యలో కొన్ని మాటలు వదిలితే అక్కడ మూడు చుక్కలు పెట్టాలి. రెండు కాదు, అయిదూ కాదు. వదిలిన మాటలు రెండైనా ఇరవయ్యయినా చుక్కలు మూడే. వదిలిన భాగానికి ముందు వాక్యం పూర్తయి ఉంటే, ఆ వాక్యం ఫుల్‌స్టాప్ దానికి ఉంచి, తర్వాత మూడు పెట్టడం అమెరికాలో షికాగో పద్ధతి. అందుకే కొన్ని పుస్తకాల్లో నాలుగు చుక్కలు కనిపిస్తాయి. అది అచ్చుతప్పు కాదు. బ్రిటిష్ ప్రచురణకర్తలు చాలామంది మూడుతోనే సరిపెడతారు. షికాగోవాళ్ళు చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెడతారు. పత్రికలవాళ్ళ ఏపీ పద్ధతిలో మూడు చుక్కలూ కలిపే ఉంటాయి, అటూ ఇటూ మాత్రం ఎడం ఉంటుంది. ఏ పద్ధతి మంచిదని నన్ను అడగవద్దు. మీ గైడు ఏది చెబితే అది పట్టుకోండి. మొదటి పేజీలో ఒకటి, పదో పేజీలో మరొకటి మాత్రం వద్దు.

ఉదాహరణ మొదట్లోనూ చివర్లోనూ సాధారణంగా చుక్కలు అవసరం లేదు. మీరు ఎత్తి రాసింది పెద్ద పుస్తకంలోని ఒక ముక్క అని చదివేవాడికి ఎలాగూ తెలుసు. పద్యంలో ఒక పాదం మొత్తం వదిలితే ఒక వరస నిండా చుక్కలు పెట్టడం రివాజు. సంభాషణలో మాట తనంతట తాను సన్నగిల్లితే చుక్కలు పెట్టాలి. పక్కవాడు అడ్డు తగిలి తెగ్గొడితే ఇంగ్లీషులో డాష్ పెట్టాలి. ‘ఎట్సెట్రా’ రాసిన తర్వాత మళ్ళీ చుక్కలు పెట్టడం అన్నం తిన్న తర్వాత మళ్ళీ విస్తరి వేయడం లాంటిది.

ఇంకొక సూక్ష్మం ఉంది. మీరు ఉదహరించే రచయితే తన వాక్యంలో చుక్కలు పెట్టి ఉంటే ఎలా? అవి ఆయన చుక్కలో మీ చుక్కలో చదివేవాడికి తెలియదు. ఈ తిప్పలు తప్పించడానికే అమెరికాలోని ఆధునిక భాషల సంఘంవారు 1999లో, ఉదహరించేవాడు పెట్టే చుక్కల్ని చదరపు బ్రాకెట్లలో పెట్టమన్నారు. అందరూ విసుక్కున్నట్టున్నారు, 2003లో ఆ నిబంధనను సడలించారు. మూలంలోనే చుక్కలు ఉన్నప్పుడు బ్రాకెట్లు వాడటం మాత్రం ఇప్పటికీ మంచి అలవాటే. ఎవరి చుక్క ఎవరిదో తేలాలి. అంతే సంగతి.

పాఠం అయిపోయింది. ఇక సంజాయిషీ.

డెబ్బయ్యో దశకం చివర్లో నేనూ మీలాగే విద్యార్థిని, హాస్టలు వాసిని. ఏ కళాశాలో ఇక్కడ అవసరం లేదు. ఇంగ్లీషు బాగా వచ్చునని పేరుండటం వల్ల సంఘం కరపత్రాలు రాసే పని నాకు అప్పగించారు. ఒక ఫిబ్రవరిలో హాస్టలు నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో ఒక ప్రకటన అంటించారు. దాని సారాంశం ఇది: మెస్ బకాయి ఉండి, పదిహేనో తేదీలోగా మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోని విద్యార్థులను వార్షిక పరీక్షలకు అనుమతించరు.

ఆ రాత్రే స్టెన్సిల్ కోసి, సైక్లోస్టయిల్ మిషను మీద రెండు వందల కాపీలు తీశాం. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెద్దక్షరాలతో ఎత్తి రాశాను. చోటు చాలదని మధ్య భాగం వదిలేశాను. వదిలినచోట నియమం ప్రకారం మూడు చుక్కలు పెట్టాను. అప్పుడు వాక్యం ఎలా తేలింది? బకాయి ఉన్న విద్యార్థులను, చుక్క చుక్క చుక్క, పరీక్షలకు అనుమతించరు. దాని కింద తెలుగులో మన సహజమైన ఆవేశం.

చోటు చాలదన్నది నిజం. కాని పూర్తి నిజం కాదు. దరఖాస్తు సంగతి కూడా రాస్తే కరపత్రం వేడి తగ్గుతుందని నాకు తెలుసు. వ్యాకరణం నా పక్షాన ఉందన్న ధీమాతో నా మనస్సాక్షిని ఆ మూడు చుక్కల కింద దాచాను.

కరపత్రం బాగా పనిచేసింది. ఊరేగింపు జరిగింది, నినాదాలు మోగాయి. అయితే మూడు రోజుల తర్వాత ఒక సంగతి తెలిసింది. పలమనేరు దగ్గర పల్లెనుంచి వచ్చిన ఒక కుర్రవాడు, బి.ఎస్సి. రెండో సంవత్సరం, మా వరండా చివరి గదిలో ఉండేవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. వాడికి నాలుగు నెలల బకాయి ఉంది. ఇంగ్లీషు నోటీసు జోలికి పోలేదు, మన కరపత్రం చదివాడు. పరీక్ష రాయనివ్వరని ఖాయం చేసుకొని, పెట్టె సర్దుకొని, పొద్దున్నే మొదటి బస్సుకు ఊరికి పోయాడు. దరఖాస్తు పెడితే మినహాయింపు దొరికి ఉండేది. అలా పెట్టుకున్నవాళ్ళందరికీ దొరికింది. పదిహేనో తేదీ దాటింది. మేము కబురు పంపేసరికి మొదటి రెండు పేపర్లు కూడా అయిపోయాయి.

వాడు సెప్టెంబరులో రాశాడు. పాసయ్యాడు కూడా. ఆరు నెలలు పొలంలో తండ్రి వెంట పనిచేశాడట. తిరిగి వచ్చిన రోజు క్యాంటీనులో కలిసి, సంగతి చెప్పి క్షమించమన్నాను. వాడు కోప్పడలేదు. "నువ్వు రాసింది ఇంగ్లీషు పద్ధతే అయ్యుంటుంది న్నా. నాకు తెలిసిన చుక్కలు పరీక్షలో ‘ఖాళీలు పూరింపుము’ అని ఉంటాయే, అయ్యే. ఖాళీ ఉంటే పూరించాల గదా. పూరించుకున్నా" అన్నాడు.

ఇప్పటికి నాలుగు దశాబ్దాలు దాటింది. ఆ మాట నన్ను వదల్లేదు. చుక్కలు పెట్టినవాడు ఏమి వదిలాడో తనకు తెలుసు. చదివేవాడికి తెలియదు. తెలియని చోట వాడు ఏమి నింపుకుంటాడు? తన భయాన్నో, తన కోపాన్నో, తన ఆశనో నింపుకుంటాడు. బీదవాడైతే భయాన్నే నింపుకుంటాడు.

ఈ సంగతి తెలిసిన మా గురువుగారొకరు నన్ను తిట్టలేదు. ఒక సాయంకాలం గ్రంథాలయానికి తీసుకుపోయి తిరుమల తిరుపతి దేవస్థానంవారి శాసన సంపుటాలు ముందు పెట్టారు. కొండమీది గుడి గోడల మీద, తిరుపతిలోను తిరుచానూరులోను ఉన్న రాళ్ళ మీద చెక్కిన శాసనాలు అవి. ఎక్కువ భాగం అరవంలో, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృతాల్లో ఉన్నాయి. వాటిమీద సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి నివేదిక 1930లో వచ్చింది. ఆ దశకంలోనే సంపుటాలు వెలువడ్డాయి. రాళ్ళు కొన్ని పగిలాయి, కొన్ని అరిగాయి, కొన్ని తర్వాతి కట్టడాల్లో సగం కప్పబడిపోయాయి. "పేజీ తిప్పుతూ పో, చుక్కలు ఎక్కడున్నాయో చూడు" అన్నారు గురువుగారు.

చూశాను. దాత పేరు మొదటి సగం ఉండి తక్కినది లేని చోట చుక్కలు. ఊరి పేరు చిట్లిపోయిన చోట చుక్కలు. శాసనాలు ప్రకటించేవాళ్ళకు దీనిలో ఒక కట్టుబాటు ఉంది. అక్షరం పోతే చుక్క పెడతారు, ఎన్ని పోయాయో అంచనా దొరికితే ఆ మేరకు పెడతారు. సందేహంగా కనబడిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లో వేస్తారు. ఆ చదివినవాళ్ళు మహా పండితులు. పోయిన అక్షరాలు ఏమై ఉంటాయో వాళ్ళకు చాలాచోట్ల తోచే ఉంటుంది. అయినా తోచినదాన్ని రాతిమీద ఉన్నట్టు రాయలేదు, రాతిమీద ఉన్నదాన్ని తీసివేయలేదు. "వీళ్ళు చుక్క ఎందుకు పెట్టారు? ఇక్కడ నాకు తెలియదు అని చెప్పడానికి. నువ్వు ఎందుకు పెట్టావు? నాకు తెలిసింది నీకు తెలియనివ్వను అని చెప్పడానికి" అన్నారాయన. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

చుక్క రూపం ఒకటే. ఒక చుక్క వినయం, ఇంకో చుక్క మోసం. ఏ ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకమూ ఈ తేడా నాకు ఇంత బాగా చెప్పలేదు.

ఆ కొండమీదే ఇంకో ఉదాహరణ ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులవారు ముప్ఫయి రెండు వేల సంకీర్తనలు పాడారని ఆయన మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. 1922 ప్రాంతంలో ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుంచి రాగిరేకులు వెలుగులోకి వచ్చాయి. రెండు వేల పైచిలుకు రేకుల్లో మనకు దక్కింది పన్నెండు వేలకు పైగా కీర్తనలు. తక్కినవి ఏమయ్యాయి? రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తిరుపతిలో కూర్చుని ఆ సాహిత్యాన్ని పరిష్కరించారు. శర్మగారు ఎన్నో కీర్తనలకు స్వరాలు కట్టారు. ఇవి నేను కట్టిన స్వరాలు అని లోకానికి తెలిసేలాగే కట్టారు, అన్నమయ్య పాడిన మట్టు ఇదే అనలేదు. మన పరిష్కర్తలు ప్రతిలో భాగం పోయినచోట ‘గ్రంథపాతం’ అని రాస్తారు. ఎంత చక్కని మాట! ఇక్కడ గ్రంథం పడిపోయింది నాయనా, జాగ్రత్తగా నడువు అని చెయ్యి పట్టుకొని చెప్పినట్టుంటుంది.

ఇది వట్టి పండితుల గొడవ అనుకోకండి. కురుక్షేత్రంలో ధర్మరాజు చేసిందీ ఇదే గదా. అశ్వత్థామ చచ్చాడన్న మాట గట్టిగా, ఏనుగన్న మాట మెల్లగా. ప్రతి మాటా పలికాడు, ఏదీ అబద్ధం కాదు. అయినా ద్రోణుడి చేతిలో విల్లు జారింది, అంతవరకు నేలకు నాలుగంగుళాలు ఎత్తున నడిచిన రథం కిందికి దిగింది. వదిలేయడం ఒక్కొక్కసారి అబద్ధం కంటే గట్టిగా పనిచేస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇవాళ సైక్లోస్టయిల్ మిషన్లు లేవు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. చుక్కలకు కొత్త తగాదాలు కూడా వచ్చాయి. ఇన్‌లాండు కవర్లో చోటు కలిసిరావడానికి ఒక సంగతికీ ఇంకొక సంగతికీ మధ్య మూడు చుక్కలు పెట్టడం మా తరం అలవాటు. అదే అలవాటుతో మా అమ్మాయికి ఫోనులో "సరే..." అని పంపిస్తే, "ఏం నాన్నా, కోపమొచ్చిందా?" అని వెంటనే ఫోను చేసింది! ఆ తరం పిల్లలకు చుక్కలంటే మూతి ముడుపు కాబోలు. ఇది నవ్వుకునే తగాదా. నవ్వుకోలేనిది వేరే ఉంది. ఒకరి ఉపన్యాసంలో ముందూ వెనకా కత్తిరించి అరనిమిషం వీడియో చేసి వదులుతున్నారు. కాగితం మీద నేను కనీసం మూడు చుక్కలైనా పెట్టాను. అక్కడ కత్తిరించిన చోటుకు ఏ గుర్తూ లేదు. చూసేవాడికి ఖాళీ ఉందని కూడా తెలియదు. సంఘం నాయకులు కావలసిన మీరు, రేపు లెక్చరర్లు, విలేకరులు, ప్లీడర్లు కావలసిన మీరు ఆలోచించవలసింది ఇక్కడ.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఎలిప్సిస్ పాఠంలో ఎన్ని చుక్కలు, ఎంత ఎడం అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఏమి వదిలాను, ఎందుకు వదిలాను అన్నది. దానికి నేను పెట్టుకున్న పరీక్ష చాలా చిన్నది. చుక్కలు పెట్టిన తర్వాత ఆ వాక్యాన్ని అసలు రచయిత ముందు పెట్టినట్టు ఊహించుకోండి. "అవును, నేనన్నది ఇదే, కాకపోతే పొట్టిగా ఉంది" అంటాడా, లేక "ఇది నా మాట కాదు" అంటాడా? రెండోది అనేటట్టుంటే మూడు చుక్కలూ చెరిపేసి మొత్తం వాక్యం రాయండి. చోటు చాలకపోతే మీ ఆవేశంలో రెండు వరసలు తగ్గించండి.

భాష అందక చుక్కలు పెట్టే పల్లె పిల్లలకు ఒక మాట. సిగ్గుపడవద్దు. అక్కడ చుక్కలు పెట్టకండి, వచ్చినంత ఇంగ్లీషులో చిన్న వాక్యం రాయండి. తప్పుంటే మేం దిద్దుతాం, దిద్దడానికే ఉన్నాం. తప్పు మాటను దిద్దగలం గాని చుక్కను దిద్దలేం. దానికి మార్కులు వేయడం అంతకంటే చేతకాదు. లెక్చరరు మిత్రులకూ ఒక మాట. ‘ఖాళీలు పూరింపుము’ అనే ప్రశ్నతో పాటు, ఏడాదికి ఒక్కసారైనా ‘ఈ ఉదాహరణలో ఏమి వదిలారో మూలం చూసి రాయుము’ అని అడగండి. మూలం చూసే అలవాటు ఒక్కటి వస్తే తక్కిన వ్యాకరణం మెల్లగా అదే వస్తుంది.

పలమనేరు కుర్రవాడు తర్వాత ఉద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. పోయిన ఏడు అలిపిరి మెట్లదారిలో గాలిగోపురం దగ్గర ఎదురుపడ్డాడు. మనుమడి చెయ్యి పట్టుకొని ఎక్కుతున్నాడు. పాత సంగతి అతడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి అతడికి పంపిస్తాను.

చివరగా సంపాదకులకు ఒక మనవి. ఇది పొడుగైందనిపిస్తే కత్తిరించండి, నాకేమీ అభ్యంతరం లేదు. కత్తిరించిన చోట మాత్రం మరిచిపోకుండా మూడు చుక్కలు పెట్టండి. నేను ఏమన్నానో ఎవరైనా వచ్చి అడిగితే, అసలు కాగితం చూపించండి.